పేరు పెట్టని శోకం

గిడ్డమ్మకు మిషన్‌లో విశ్వాసమ్మ అని బాప్తిస్మం పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆమె పలికేది కాదు. పాదిరిగారు పిలిచినా, దొరసాని పిలిచినా, ఇంకెవరినో పిలుస్తున్నారన్నట్టు పొయ్యిలో పుల్లలు ఎగదోసుకుంటూ కూర్చునేది. చివరికి వాళ్లే విసిగి గిడ్డమ్మా అనడం మొదలుపెట్టారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆమెకు చెవుడనుకునేవారు. చెవుడు కాదు, మొండితనం. పత్తికొండ తాలూకాలో అంత మొండి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నాది ఎర్రగుంట్ల. పేరు నారాయణ. టూరింగ్ టాకీసులో బొమ్మ ఆడించడం నేర్చుకున్నాను. ఆ డేరా యజమాని నా తల్లిని తిడితే వాడి ముందుపన్ను రాలగొట్టి బయటికి వచ్చేశాను. పనికోసం తిరుగుతుంటే పత్తికొండ దిక్కున ఒక మిషన్ వాళ్లకు ఆపరేటరు కావాలని తెలిసింది. వాళ్ల దేవుడి మీద నాకు భక్తీ లేదు, పగా లేదు. మా వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నాకే యంత్రం మీద చెయ్యి వేసేవాణ్ణి. పాదిరిగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఊరుకోక ఏం చేస్తారు? వాళ్ల జనరేటరు నా మాట తప్ప ఏ పాదిరి మాటా వినేది కాదు.

ఆ మిషన్ దగ్గర క్రీస్తు కథ రీళ్లలో ఉండేది. దొరల దేశంలో ఎప్పుడో తీసిన మూగ బొమ్మ. కోతలైపోయాక, ఎండలు ముదిరేలోపు, ఎద్దులబండిలో యంత్రమూ జనరేటరూ తెరగుడ్డా వేసుకుని పల్లెపల్లెకూ తిరిగేవాళ్లం. ఊరి బయట బీడు నేలలో రెండు గుంజలు పాతి తెర కట్టేవాళ్లం. బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథ చెప్పేవాడు దావీదురాజు. మిషన్ బళ్లో పంతులు. మంచివాడే, కానీ నోరు తెరిస్తే పుస్తకం. "అంతట ఆ మహానుభావుడు శిష్యసమేతుడై" అని ఆయన ఎత్తుకుంటే ముందు కూర్చున్న ముసలివాళ్లు ఆవలించేవాళ్లు, వెనక నిలబడ్డ కుర్రాళ్లు కుక్కల్లా మొరిగేవాళ్లు.

ఆ జనంలో చాలామందికి బొమ్మ చూడటం అదే మొదలు. తెరమీద భటులు క్రీస్తును కొరడాలతో బాదుతుంటే చేతులు కట్టుకుని కూర్చునే జాతి కాదు అది. భటుల మీద రాళ్లు రువ్వేవాళ్లు. ఒక ఊళ్లో అయితే ఒకాయన కర్ర పట్టుకుని లేచి, "కట్టేసి కొడతాండారు నా కొడుకులు! కట్లిప్పి కొట్టమను సూస్తాం!" అని తెరమీద పడి అడ్డంగా చించేశాడు. మేం చెప్పబోయేది శాంతి, తెరకు పడేవి కుట్లు. ఆ కుట్లు వేసేది గిడ్డమ్మ. మాకు వంట చేసేది, గొడ్డలితో కట్టెలు కొట్టేది కూడా ఆమే. గుంజలు చెక్కి పాతేవాడు, జనరేటరు మోసేవాడు ఆమె ఒక్కగానొక్క కొడుకు కంబన్న.

ఆమె గతం నాకు మొదట దావీదురాజు చెప్పాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా ఆమే చెప్పింది. వాళ్లది బోడబండ అని, హగరి ఏటి దిక్కున రాళ్ల నేల మీద ఒక ఊరు. భర్త తిమ్మయ్య. ఆ ఊళ్లో అమ్మవారికి దేవర చేసినప్పుడు దున్నపోతును నరికే హక్కు తిమ్మయ్య ఇంటిదా, పెద్ద ఈరన్న ఇంటిదా అని తాతలనాటి తగువు. రెండూ ఒకే కులం ఇళ్లు, ఒకే దేవర బిడ్డలు. ఒక ఏడు తిమ్మయ్య ముందుపడి పోతును నరికాడు. మర్నాడు కందిచేను దగ్గర పెద్ద ఈరన్న తన మనుషులతో వచ్చి అతణ్ణి పట్టుకున్నాడు. బండిచక్రానికి వెన్ను ఆనించి, చేతులు రెండు పక్కలా చాపించి కట్టారు. పోతును నరికిన చేతులని ఆ చేతులనే నరికారు. నరికి అట్లాగే వదిలేసి, చుట్టూ నిలబడి, దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. గిడ్డమ్మకు కబురంది పరుగెత్తుకొచ్చేసరికి కళ్లు తెరిచే ఉన్నాయి, ప్రాణం లేదు. కోర్టుకు ఒక్క సాక్షీ రాలేదు. పెద్ద ఈరన్న మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఒక ఆచారం ఉండేది. మా కడప వైపు నేనెప్పుడూ వినలేదు. మనిషిని నరికి చంపితే ఆ పీనుగ దగ్గర చుట్టమైన ఆడమనిషి కూర్చుని శోకం పెట్టాలి. శోకం లేచిన చోట ఎంత పగవాడైనా ఆయుధం దించాలి. దించనివాడి వంశం నిలవదని భయం. శోకం చివర ఆమె, చంపినవాడి పేరు అందరూ వినేలా రాగం తీసి చెబుతుంది. దాన్ని పేరు పెట్టడం అంటారు. పేరు వచ్చిందంటే పగ ఖాయం. చచ్చినవాడి కొడుకు ఆ పేరుగల మనిషిని నరకాలి, ఇంకెవర్నీ ముట్టుకోకూడదు. పేరు రాకపోతే అసలు ఎవర్నీ ముట్టుకోకూడదు. పోలీసులు ఏం రాసుకున్నా, జడ్జీలు ఏం తేల్చినా, ఆ ఊళ్లకు ఆమె నోట వచ్చిన పేరే పేరు.

గిడ్డమ్మ శోకానికి పెట్టింది పేరు. పక్క ఊళ్లలో మామూలు చావైనా బండి కట్టి తీసుకుపోయేవాళ్లట. సొంత మొగుడి మీద పొద్దుగూకేదాకా శోకం పెట్టింది. చివరి చరణం దగ్గర ఆగిపోయింది. కంబన్న అప్పుడు ఆమె కొంగు పట్టుకుని తిరిగే పసివాడు. పేరు చెప్పిందా, వాడి బతుకు అక్కడే తెగిపోతుంది: పెరిగి నరకాలి, నరికి ఉరికంబం ఎక్కాలి, లేదంటే ఈరన్న కొడుకు చేతిలో చావాలి. "పేరు పెట్టవే!" అని మరుదులు అరిచారు. ఒకడు జుట్టు పట్టుకుని ఈడ్చాడు, ఒకడు చెప్పుకాలితో మూతి మీద తన్నాడు. పెదవి చీలింది, పన్ను కదిలింది, పేరు మాత్రం రాలేదు. మొగుడు ఎలాగూ పోయాడు, కొడుకు మిగలాలి. ఆమెకు కావలసింది ఆ ఒక్కటే. రోషం లేని ముండ అని ఇంట్లోంచి గెంటేస్తే, చీలిన పెదవితో పిల్లవాణ్ణి చంకనేసుకుని మిషన్ ఆసుపత్రి మెట్ల మీదికి వచ్చి పడింది. కుట్లు వేసిన దొరసానే తర్వాత వంటపని ఇచ్చింది.

ఇన్నాళ్లు మాతో తిరిగినా ఆమె బొమ్మ వైపు ఎప్పుడూ చూసేది కాదు. మేం ఆడిస్తుంటే బండి చాటున సంగటి కెలుక్కుంటూ ఉండేది. ఒక ఊళ్లో, దావీదురాజు చెబుతున్నది ఎవరికీ ఎక్కక జనం ఈలలు వేస్తుంటే, ఏం గోలో చూద్దామని ఇవతలికి వచ్చింది. తెరమీద సరిగ్గా సిలువ ఘట్టం. రెండు చేతులూ చాపిన మనిషి, ఆ చేతుల్లోకి మేకులు. కింద తల్లి.

గిడ్డమ్మ చేతిలో తెడ్డు జారిపోయింది. నడిచిపోయి దావీదురాజును పక్కకు నెట్టి తెరముందు చతికిలబడింది. కొప్పు విప్పేసింది.

"పాలు తాపిన ఎద మింద మొల దిగినట్లుండాది కొడకా! నూనె రాసి దువ్విన నెత్తి మింద ముండ్లకంప పెట్టినారు కదరా! దప్పికంటే గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు లేకపాయ కదరా! నిన్ను మోసిన కడుపు ఈడనే ఉండాది, నీ కంటికి ఆనల్యా కొడకా!"

ఈలలు ఆగిపోయాయి. కాసేపటికి ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు, తర్వాత మగవాళ్లు తలగుడ్డలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నారు. నాకైతే యంత్రం తిరుగుతున్న సంగతే గుర్తులేదు. ఏడవనని బడాయి పోను, ఏడ్చాను. చావును చూసి చూసి బండబారిన ఆ జనానికి అంతవరకూ ఆ క్రీస్తు ఎవరో తెలియదు. ఆ రోజు తమ ఇంటి పీనుగయ్యాడు. శోకం చివరకు వచ్చేసరికి, పేరు కోసం జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆమె పేరు పెట్టలేదు. తెరమీద ఆ కొట్టించుకున్న మనిషి కొట్టినవాళ్ల కోసం పైకి చూసి వేడుకుంటున్నాడు. "వీడు వొద్దంటాండాడు," అని మాత్రం అని లేచి పోయింది.

ఆ తర్వాత అన్ని ఊళ్లలో ఒకటే మాట: "ఏడ్సే ఆయమ్మ వస్తాదా?" ఆమె లేకుంటే బొమ్మ వద్దనేవాళ్లు. దావీదురాజు మొదట ముఖం ముడుచుకున్నా, నిజం ఒప్పుకునే మనిషి కాబట్టి సిలువ రీలు రాగానే తనే పక్కకు తప్పుకునేవాడు. రాళ్లు వేసేవాళ్లు తగ్గారు. నేను ఒకసారి ఆటపట్టించాను, "గిడ్డక్కా, నువ్వు ఏడ్చి ఏడ్చి నాకు కుట్టుడు పని లేకుండా చేశావు" అని. "కుట్టేది నేను, నీదేం పోయ నారాయణప్పా," అంది.

కంబన్న మాత్రం రోజురోజుకూ ముభావమయ్యాడు. పెరిగి తలుపంత మనిషయ్యాడు. సంతల్లో, బావుల దగ్గర బోడబండ వాళ్లు ఎదురుపడితే, "ఏంరా పేరు లేనోడా, దొరల దేవుని మోస్తాండావా?" అనేవాళ్లు. ఒకసారి అట్లా అన్నవాణ్ణి గానుగ దగ్గర పడేసి ముక్కు పగలగొట్టాడు. ఇంటికొచ్చి తల్లిని నిలదీశాడు.

"ఊరూరికీ పోయి యాడోనో చచ్చినోనికి ఏడుస్తావు. మా నాయనకు ఒక్క పేరు పెట్టల్యా నువ్వు."

"నీ నెత్తి నీ మెడ మింద ఉండాల్నని పెట్టల్యా."

"ఉండి ఏం పీకుతాండాది ఈ నెత్తి?"

"సంగటి తింటాండాది. తిను," అంది ఆమె, ముద్ద చేతిలో పెట్టి. వాడు ముద్ద నేలకేసి కొట్టాడు. అయినా పేరు రాకుండా కత్తి పట్టే ధైర్యం వాడికి లేదు. ఆచారం అంత గట్టిది. అదే ఆమె ధీమా.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, బోడబండ వాళ్లే కబురు పంపారు, మా ఊళ్లో బొమ్మ ఆడించమని. గిడ్డమ్మ వద్దంది.

"నీ ఊరికే క్షమాపణ వార్త ఎక్కువ అవసరం, గిడ్డమ్మా," అన్నాడు దావీదురాజు.

"నా నోటి మింద నాకు నమ్మకం లేదయ్యా," అందామె.

బుద్ధి ఉన్నవాడికి ఆ ఒక్క మాట చాలు. దావీదురాజుకు చదువు ఉంది. బండి కట్టించాడు. కంబన్నను మిషన్‌లోనే ఉండమని ఆమె బతిమాలింది. వాడు వినలేదు, గొడ్డలీ గుంజలూ భుజాన వేసుకుని మాకంటే ముందు నడిచాడు.

బోడబండలో జనం బీడంతా నిండిపోయారు. పెద్ద ఈరన్న నులకమంచం వేయించుకుని తెరకు ఎదురుగా కూర్చున్నాడు. జుట్టు నెరిసింది, పొగరు నెరవలేదు. పక్కన కొడుకు శేషన్న, వెనక వేటకొడవళ్లతో మనుషులు. ఆకు నములుతూ, తెరమీద మనుషులకు పేర్లు పెట్టి ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. సిలువ రీలు ఎక్కించాను. ఎక్కించకుండా జనరేటరు చెడిపోయిందని చెప్పి ఉండాల్సిందని ఆ తర్వాత అందరూ నాకు సలహా ఇచ్చారు.

గిడ్డమ్మ కూర్చుని శోకం అందుకుంది. జనం ముక్కులు చీదుతున్నారు. తెరమీద చేతుల్లోకి మేకులు దిగాయి. అప్పుడు పెద్ద ఈరన్న ఉమ్మేసి, అందరూ వినేటట్టు అన్నాడు:

"మా తిమ్మడు గూడా ఇట్లనే సాపినాడు చేతులు, బండిచక్రం మింద. నీళ్లు నీళ్లని గొర్రెపిల్ల మాదిరి అరిసినాడు. ఆ బొమ్మ యాడ దొరకల్యా మీకు?"

వెనకవాళ్లు నవ్వారు.

గిడ్డమ్మ తెర వైపు నుంచి వెనక్కి తిరిగింది. భర్త నీళ్లడిగిన సంగతి ఆమెకు అంతవరకూ తెలియదు. రాగం తెగలేదు. అన్నేళ్లు పళ్ల వెనక నొక్కిపెట్టిన చరణం అదే రాగంలో బయటికి వచ్చేసింది.

"నిన్ను సంపినోడు పెద్ద ఈరన్న, నా మొగుడా! నిన్ను సంపినోడు పెద్ద ఈరన్న!"

అని, తన నోరు తనే రెండు చేతులతో మూసుకుంది. ఆలస్యమైపోయింది. పేరుతో శోకం తీరింది, కత్తికి అడ్డు పోయింది. కంబన్న గుంజ దగ్గరే ఉన్నాడు, గొడ్డలి గుంజకు ఆనించి ఉంది. ఒక్క అంగలో మంచం దగ్గరికి వచ్చాడు. మొదటి దెబ్బ మెడకూ భుజానికీ మధ్య దిగింది. మంచం తిరగబడింది. పెద్ద ఈరన్న కింద పడి చేత్తో గాయం మూసుకుంటూ పాకాడు. వాడి మనిషి ఒకడు అడ్డం వస్తే కంబన్న గొడ్డలి మొదలుతో వాడి దవడ పగలగొట్టాడు. కొడవళ్లు లేచాయి. ఆడవాళ్లు పిల్లల్ని లాక్కుని పరుగెత్తారు. ఎవరో గుంజను తన్నితే తెర సగం ఊడి వేలాడింది. నేను యంత్రం ఆపలేదు. ఆ వెలుతురులో ఒకడి వీపు చీలడం, ఒకడి వేళ్లు తెగి పడటం చూశాను. దావీదురాజు "ప్రార్థన చేద్దాం, ప్రార్థన చేద్దాం" అని అరుస్తూ తలకు దెబ్బ తగిలి బండి కింద పడ్డాడు. కంబన్న రెండో దెబ్బకు గొడ్డలి ఎత్తాడు. వాడి వెనక శేషన్న కొడవలి ఎత్తాడు.

అప్పుడు గిడ్డమ్మ కొడుకు గొడ్డలి కిందికి వచ్చి పడింది. పెద్ద ఈరన్న తల ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. ఆ విప్పిన జుట్టుతోనే, రొమ్ము బాదుకుంటూ కొత్త శోకం ఎత్తుకుంది.

"నా యన్నా! నా తోడబుట్టినోడా! దేవర ముందర ఒకటే పసుపు పూసుకున్నోళ్లం కదన్నా! పొలిమేర దాటిన చెల్లెలికి చీర పెట్టకనే పోతివా అన్నా!"

బతికున్న మనిషి మీద శోకం! ఆ ఊరు పుట్టాక అట్లాంటిది జరిగి ఉండదు. కానీ శోకం శోకమే. ఎక్కడి కొడవళ్లు అక్కడ ఆగాయి. పుట్టినప్పటినుంచీ ఆ రాగం వింటే దించడం అలవాటైన చేతులు, అవే కిందికి దిగాయి. కంబన్న గొడ్డలి కూడా దిగింది.

"నేనింగా సావలేదే ముండా," అన్నాడు పెద్ద ఈరన్న, నోట్లో నెత్తురుతో.

"సచ్చినావులేన్నా. కదలాకు," అని గాయం మీద తన కొంగు అదిమి, ఆమె మళ్లీ రాగంలో పడింది.

శేషన్న కొడవలి కొస నేలకు ఆనించి నిలబడ్డాడు. వాడి కళ్లు కంబన్న మీదే ఉన్నాయి. "శోకం పెట్టినావు గదా, పేరు పెట్టు," అన్నాడు. "మా నాయన్ని నరికినోని పేరు పెట్టు."

కొడుకు పేరు చెప్పాలి. చెబితే వాడు శేషన్న సొత్తు. కంబన్న కూడా తల వంచుకుని వింటున్నాడు. గిడ్డమ్మ అందరి ముఖాలూ ఒకసారి చూసి రాగం తీసింది.

"నిన్ను నరికింది గిడ్డమ్మ, నా యన్నా! నీ చెల్లెలు గిడ్డమ్మ!"

"అబద్దం! నేను కండ్లారా సూసినా!" అన్నాడు శేషన్న.

"శోకంలో అబద్దముండదు శేషా. పేరొచ్చింది. నన్ను నరుకు, ఇంగెవురినీ ముట్టాకు," అంది. అని కొడుకు చేతిలోంచి గొడ్డలి లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది.

శేషన్న నరకలేదు. శోకం పెట్టిన మనిషిని శోకం చోట నరకకూడదు. తర్వాత నరకవచ్చు.

పెద్ద ఈరన్నను మా బండిలోనే వేసుకుని పత్తికొండ ఆసుపత్రికి బయలుదేరాం. తల ఆమె ఒళ్లోనే ఉంది. దారిలో నీళ్లడిగాడు. ఆమె పట్టింది. తాగినవి తాగినట్టే నెత్తుటితో బయటికి వచ్చేశాయి. "తిమ్మడూ అడిగినాడు," అన్నాడు. "ఇయ్యనీయల్యా నేను." ఆమె చెంబు మళ్లీ వాడి నోటికి ఆనించింది. ఊరి దీపాలు కనిపించేలోపే పోయాడు.

ఆమె తిన్నగా స్టేషనుకు పోయి గొడ్డలి ఇచ్చేసింది. గొడ్డలి ఆమెది, చీరంతా నెత్తురు, నోటితో తనే చెబుతోంది. పోలీసులకు ఇంకేం కావాలి? కంబన్న పరుగెత్తుకుంటూ వచ్చి నేనే నరికానంటే, తల్లిని కాపాడటానికి నాటకాలా అని ఇన్‌స్పెక్టరు చెంప పగలగొట్టి పంపేశాడు. నిజం చెప్పి దెబ్బలు తిన్నవాణ్ణి వాణ్ణొక్కణ్ణే చూశాను. బోడబండలో ఎవర్ని అడిగినా గిడ్డమ్మ అనే చెప్పారు. భయపడి కాదు, అక్కడ పేరు పడిపోయింది కాబట్టి. శేషన్న ఒక్కడు మాత్రం పోలీసులకు ఏమీ చెప్పలేదు. కోర్టులోనే చెబుతానన్నాడు.

రాజధానై గుడారాలతో నిండిపోయిన కర్నూలులో ఆ కేసు నడిచింది. నన్నూ పిలిచారు. వెలుతురంతా తెరమీద ఉంటుంది, జనం నాకెట్లా కనిపిస్తారండీ అన్నాను. శేషన్న బోనెక్కిన రోజు కంబన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాడు ముందే లాయరుకు చెప్పుకున్నాడు, నరికింది నేనని. కన్నకొడుకు మాట జడ్జి నమ్మకపోవచ్చు, చచ్చినవాడి కొడుకు కూడా అదే అంటే నమ్మక తప్పదు. శేషన్న ఒక్క మాట చాలు, కంబన్నకు ఉరి. లేదూ, నాకేమీ కనపడలేదని దిగిపోతే, శోకంలో వచ్చింది దొంగపేరని ఆ సాయంత్రమే బయట కంబన్నతో కొడవలి పట్టి తేల్చుకోవచ్చు. మా అందరి భయమూ రెండోదే.

"నీ తండ్రిని నరికింది ఎవరు?" అన్నాడు సర్కారు లాయరు.

జవాబు చెప్పమని జడ్జి కసురుకున్నాడు. శేషన్న కంబన్నను చూశాడు, ఆమెను చూశాడు.

"మా మేనత్త," అన్నాడు.

కోర్టులో ఉన్న నల్లకోట్ల లాయర్లకు అందులో ఏమీ వినపడలేదు. వెనక నిలబడ్డ బోడబండ జనం మాత్రం ఒక్కసారి కదిలారు. మేనత్త అని నలుగురిలో ఒప్పుకున్నవాడు ఇక ఆమె మీద కత్తి ఎత్తలేడు. ఆమె కొడుకు వరసకు బావ అవుతాడు, వాడి మీదా ఎత్తలేడు. కంబన్న గోడవెంట కిందికి జారి, మోకాళ్ల మధ్య ముఖం పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. దొంగసాక్ష్యం అంటారా? అనండి. ఆ కోర్టులో నేను విన్న నిజం అదొక్కటే.

ఆమెకు యావజ్జీవం వేశారు. జైలు వ్యాను కోసం వరండాలో పోలీసుల మధ్య కూర్చోబెట్టారు. కంబన్న ఆమె కాళ్ల దగ్గర ఉన్నాడు. చీర కొంగుతో వాడి ముఖం తుడుస్తూ, బొమ్మ పని వదలాకు, పెండ్లి చేసుకో అని ఏవో చెబుతోంది. శేషన్న వచ్చి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. పోలీసులు లాఠీలు సర్దుకున్నారు.

"అత్త అన్నానని క్షమించినా అనుకోవాకు," అన్నాడు, కంబన్న వైపు చూడకుండా. "వీన్ని జూస్తే ఇప్పుడు గూడా నా చెయ్యి లేస్తాండాది. మా యమ్మ ఇంట్లో కూలబడి ఉండాది, ఇంగొక పీనుగ మోసే సత్తువ నాకు లేదు. అలిసిపోయినా. అంతే."

గిడ్డమ్మ తలెత్తి వాణ్ణి చూసింది. పాత గాయంతో వంకర తిరిగిన ఆ పెదవి కాస్త కదిలింది.

"అంత మాత్రం చాలు నాయనా. నేను గూడా అట్లనే మొదలుబెట్టినా."